చెయ్యి లేవని ఏడు నెలలు: రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా ఒక జీడి కార్మికురాలి జీవన నాణ్యత

శ్రీకాకుళంలో సర్జన్‌గా పనిచేస్తున్న నేను ఈ కేసును రాయడానికి కారణం శస్త్రచికిత్స కాదు. అందులో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. గడ్డ పూర్తిగా వచ్చింది, అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది, గాయం మామూలుగానే మానింది. అయినా ఆ తర్వాత ఏడో నెలలో అదే రోగి రేడియేషన్ ప్లానింగ్ బల్ల మీద పడుకుని, కుడి చేతిని తల పైకి ఎత్తలేక, చికిత్స మొదలుపెట్టకుండానే విశాఖపట్నం నుంచి తిరిగి వచ్చేశారు. ఆ చెయ్యి అలా బిగుసుకుపోవడానికి డిశ్చార్జి కాగితం మీద నేను రాసిన ఒక వాక్యం కారణం. ఆమె అనుమతితో, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చి, జరిగింది జరిగినట్టు ఇక్కడ పెడుతున్నాను.

రోగి, ఆమె పని

ఆమె వయస్సు 47 ఏళ్ళు. పలాస దగ్గర ఉద్దానంలోని ఒక గ్రామం. ఇరవై ఏళ్ళకు పైగా జీడి పరిశ్రమలో పిక్కల కటింగ్ చేస్తున్నారు. ఉడికించి ఆరబెట్టిన పిక్కను యంత్రం పళ్ళ మధ్య పెట్టి, కాలితో తొక్కుతూ, కుడి చేత్తో పిడి లాగి, పప్పు విరగకుండా పైపెంకును రెండుగా చీల్చడం ఆ పని. పెంకులోంచి కారే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతులకు బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. ఎంత రాసుకున్నా వేళ్ళ చివర్లు నల్లబడి పగలడం మామూలే. కూలి రోజుకు కాదు, కిలోకు. అంటే ఆమె సంపాదనంతా కుడి చేతి వేగం మీద ఆధారపడి ఉంది. భర్త చెన్నైలో తాపీ పనికి వెళ్ళి ఏడాదికి రెండుసార్లు వస్తారు. కూతురికి పెళ్ళయింది, కొడుకు ఇంటర్ చదువుతున్నాడు.

కుడి రొమ్ములో గడ్డను స్నానం చేసేటప్పుడు ఆమె ఐదు నెలల ముందే గమనించారు. “నొప్పి నేదు కదమ్మా, నొప్పెట్టని దానికి ఆస్పత్రెందుకనుకున్నాను” అన్నారు. ఈ మాట మా జిల్లాలో నేను వారానికి ఒక్కసారైనా వింటాను. రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలి దశలో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడమే ఆడవాళ్ళను ఇంట్లో కూర్చోబెడుతోంది.

పరీక్షలో కుడి రొమ్ము పై బయటి భాగంలో 4 సెంటీమీటర్ల గట్టి గడ్డ, చంకలో కదిలే గ్రంథులు తగిలాయి. సూది పొడిస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని ఎవరో చెప్పడంతో ట్రూకట్ బయాప్సీకి, అంటే లావు సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు, ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఫలితం ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, అంటే పాల నాళాల్లో పుట్టి చుట్టూ పాకే క్యాన్సర్. ఆడ హార్మోన్ల ప్రభావంతో పెరిగే రకం (ఈఆర్, పీఆర్ పాజిటివ్), హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిది (హెర్2 నెగటివ్). సీటీ స్కాన్‌లో మరెక్కడికీ పాకిన గుర్తులు లేవు. ఉద్దానం నుంచి వచ్చే ఏ రోగికైనా స్కాన్ మందు ఎక్కించే ముందు, కీమో మోతాదు నిర్ణయించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా అడుగు వేయకూడదు. ఈమెది సాధారణ పరిధిలోనే ఉంది. అయినా ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో తెలిసినదాన్ని కాబట్టి, శస్త్రచికిత్స తర్వాత నొప్పికి కిడ్నీలను దెబ్బతీయగల డైక్లోఫెనాక్ వంటివి ఇవ్వకుండా పారాసెటమాల్‌, ట్రమడాల్‌తోనే నడిపాను.

రొమ్ము తీయాలా, ఉంచాలా

గడ్డ వరకే తీసి రొమ్మును కాపాడే శస్త్రచికిత్స చేసి, ఆపైన రేడియేషన్ ఇస్తే, రొమ్మంతా తీసేసినప్పటితో సమానంగానే ప్రాణరక్షణ ఉంటుందని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరోనేసి నడిపిన అధ్యయనాలు చెప్పాయి. వాటి ఇరవయ్యేళ్ళ ఫలితాలు 2002లోనే వచ్చాయి. ఆ సంగతి ఆమెకు వివరంగా చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే: “తీసీస్తే కరెంటు పెట్టించుకోవక్కర్నేదా?” మా వైపు రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. దాని కోసం విశాఖపట్నం వెళ్ళి వారాల తరబడి ఉండాలి, తోడు ఒక మనిషి ఉండాలి, ఆ ఇద్దరి కూలీ పోవాలి. గ్రంథుల్లో క్యాన్సర్ ఎక్కువగా ఉంటే రొమ్ము తీసినా కరెంటు తప్పదని చెప్పాను. చెప్పడమైతే చెప్పాను గానీ, చంకలో గ్రంథులు చేతికి తగులుతున్న మనిషికి ఆ అవకాశం ఎంత ఎక్కువో తగినంత గట్టిగా చెప్పలేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆమె రొమ్ము తీయించుకోవడానికే మొగ్గు చూపారు. తీసిన 14 గ్రంథుల్లో 5 పాజిటివ్‌గా వచ్చాయి. కరెంటు తప్పించుకోవడానికి రొమ్మును వదులుకున్న ఆమెకు కరెంటు తప్పలేదు.

ముందు కొలత

జీవన నాణ్యతను కొలవడానికి యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ తయారుచేసిన రెండు ప్రశ్నావళులను వాడాను. 1993లో వెలువడిన క్యూఎల్‌క్యూ-సీ30లో అన్ని రకాల క్యాన్సర్ రోగులకూ వర్తించే 30 ప్రశ్నలుంటాయి. 1996లో దానికి తోడుగా వచ్చిన బీఆర్23లో రొమ్ము క్యాన్సర్‌కు ప్రత్యేకమైన 23 ప్రశ్నలుంటాయి. జవాబులను 0 నుంచి 100 వరకు మార్కులుగా మారుస్తారు. శారీరక, మానసిక, సామాజిక సామర్థ్యాల్లో మార్కు ఎక్కువైతే మంచిది, నొప్పి, చేతి బాధ వంటి లక్షణాల్లో తక్కువైతే మంచిది. రెండు కొలతల మధ్య తేడా 10 దాటితే రోగికి స్పష్టంగా తెలిసే మార్పుగా, 20 దాటితే పెద్ద మార్పుగా లెక్కిస్తాం. ఆమె చదవగలిగేది కొంచెమే కాబట్టి మా నర్సు తలుపు వేసి, ఒక్కో ప్రశ్నా చదివి వినిపించి, ఆమె మాటల్లోనే జవాబు రాసుకున్నారు.

శస్త్రచికిత్సకు రెండు రోజుల ముందు పని సామర్థ్యం 100, చేతి బాధ 0, శరీర రూపం గురించిన భావన 100. మానసిక స్థితి మాత్రం 25, భవిష్యత్తు గురించిన నిశ్చింత 0, మొత్తం జీవన నాణ్యత 50. అంటే ఒంటి మీద కత్తి పడకముందే ఆమె జీవన నాణ్యత సగానికి పడిపోయి ఉంది, పడగొట్టింది భయమే. ఈ ముందు కొలత తీసుకోకుండా తర్వాతి అంకెలను మాత్రమే చూసి ఉంటే, కనిపించే బాధంతా శస్త్రచికిత్స తెచ్చిపెట్టిందే అనుకునేవాళ్ళం.

అదే రోజు టేపుతో రెండు చేతులనూ కొలిచాం. మోచేతికి 10 సెంటీమీటర్ల పైన కుడి చెయ్యి చుట్టుకొలత 26.5, ఎడమది 26 సెంటీమీటర్లు. పని చేసే చెయ్యి కాస్త లావుగా ఉండటం సహజమే. రెండు నిమిషాల పని అది. పది నెలల తర్వాత చేతి వాపును తేల్చిచెప్పడానికి ఆ రెండు అంకెలే ఆధారమయ్యాయి.

మూడు వారాల తర్వాత

కుడి మాడిఫైడ్ రాడికల్ మాస్టెక్టమీ, అంటే రొమ్మునంతా చంక గ్రంథులతో సహా తీసే శస్త్రచికిత్స, చేశాను. డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవం రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగాక తొమ్మిదో రోజున తీసేశాం. కట్టు మార్చిన ప్రతిసారీ ఆమె ముఖాన్ని ఎడమ పక్కకు తిప్పి, కిటికీ ఊచలను చూస్తూ ఉండేవారు. చూడమని మేం బలవంతం చేయలేదు. కుట్లు తీసిన రోజున నర్సు అద్దం తెచ్చి బల్ల మీద బోర్లించి పెట్టి, తన పని తాను చేసుకుంటూ ఉంది. కాసేపటికి ఆమే అద్దాన్ని తిప్పారు. చాలాసేపు చూసి, ఎడమ చేతి వేలితో మచ్చ చివరి నుంచి చివరి దాకా రాసి, “గీతలాగుంది” అన్నారు. ఇంకేమీ అనలేదు, ఏడవలేదు. ఆ తర్వాత పైట సర్దుకుంటూ అడిగిన ప్రశ్న నాకు గుర్తుండిపోయింది. పైట ఎడమ భుజం మీదికి వెళ్తుంది కాబట్టి ఎడమ రొమ్మయితే గుడ్డ చాటున పోయేది కదా, కుడి వైపు ఖాళీ బయటికి తెలిసిపోతుంది కదా అని. ఇన్నేళ్ళలో నేను ఆలోచించని విషయం అది.

ఆమె కోసం మా నర్సు పాత నూలు గుడ్డతో ఒక సంచి కుట్టి, చుట్టూ దూది, మధ్యలో ఆవాలు పోసి, జాకెట్టు లోపలి జేబులో అమరేలా చేశారు. దూది ఒక్కటే పెడితే తేలికై పైకి జరిగిపోతుంది. ఆవాల బరువు వల్ల అది కిందికి నిలబడి ఉంటుంది, భుజం ఒక పక్కకు ఒరిగిపోకుండానూ ఆపుతుంది. ఉతకాలంటే ఆవాలు తీసి గుడ్డ ఉతుక్కోవచ్చు. సిలికాన్‌ది కొనే స్తోమత లేనివారికి ఇది మంచి దారి అని నా అనుభవం.

మూడో వారపు ప్రశ్నావళిలో మానసిక స్థితి 25 నుంచి 50కి పెరిగింది. “తీసీసినారు కదమ్మా, ఇంక నా ఒంట్లో అది నేదు” అన్న ధీమా అది. శరీర రూపం గురించిన భావన 100 నుంచి 33కి, పని సామర్థ్యం 100 నుంచి 17కి పడిపోయాయి, చేతి బాధ 56కి చేరింది. మూడో వారంలో ఇవి అనుకోదగినవే కాబట్టి వాటంతట అవే సర్దుకుంటాయని నమ్మాను. కీమోథెరపీ మొదలైంది.

చెయ్యి బిగుసుకుపోవడం

మూడు వారాలకొకసారి చొప్పున ఎనిమిది విడతల కీమో దాదాపు ఆరు నెలలు నడిచింది. ఆ కాలంలో ఆమె వేరే ఆసుపత్రి పర్యవేక్షణలో ఉన్నారు, నా దగ్గరికి రాలేదు, నేనూ పిలిపించలేదు. కీమో పూర్తయ్యాక రేడియేషన్ ప్లానింగ్‌కు వెళ్తే, రొమ్ము ఉన్న చోటికీ చంకకూ కిరణాలు సరిగా తగలాలంటే చెయ్యి తల పైకి చాచి, అరగంట సేపు కదలకుండా ఉంచాలి. ఆమె చెయ్యి పక్కకు 75 డిగ్రీల వరకే లేచింది. చెయ్యి లేచాక రమ్మని పంపేశారు.

నా ఎదుట కూర్చున్నప్పుడు ఆమె కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, పైట కొంగుతో పొట్టకు చుట్టుకుని ఉంది. ఏడు నెలలుగా అలాగే ఉంచారట. జుట్టు దువ్వడం, బట్టలు దండెం మీద వేయడం, ఆఖరికి అన్నం కలుపుకోవడం కూడా ఎడమ చేత్తోనే. ఎందుకలా అని అడిగితే సంచిలోంచి మడతలు పడిన డిశ్చార్జి కాగితం తీసి చూపించారు. “సెయ్యి వాడొద్దని మీరే రాసినారు కదమ్మా” అన్నారు. ‘కుడి చేతితో బరువు పనులు చేయరాదు’ అని నా రాతే. ఎన్ని రోజులో రాయలేదు, ఏది బరువో రాయలేదు, ఏం చేయవచ్చో అసలే రాయలేదు. ఇరవై ఏళ్ళు వైద్యుల మాట దాటకుండా బతికిన మనిషి ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించారు.

ఫిజియోథెరపిస్టు ఆమె చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద నులక తాళ్ళలా బిగిసిన రెండు తీగలను చూపించారు. చంక గ్రంథులు తీసిన తర్వాత కొందరిలో ఇవి ఏర్పడి చెయ్యి చాచకుండా పట్టేస్తాయి, మర్దనతోనూ నెమ్మదిగా సాగదీసే వ్యాయామంతోనూ చాలామందిలో వదులవుతాయి. రోజూ క్లినిక్‌కు రాలేరు కాబట్టి వ్యాయామాలను ఇంటి పనుల్లోకి మార్చాం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకుతూ, చేరిన చోట బొగ్గుతో గీత గీయడం, తలుపు మీదుగా తాడు వేసి ఎడమ చేత్తో లాగుతూ కుడి చేతిని లేపడం, దండెం కాస్త ఎత్తున కట్టి బట్టలు కుడి చేత్తోనే ఆరవేయడం. మూడు వారాల తర్వాత ఆమె కొడుకు ఫోనులో తీసిన గోడ ఫోటో చూపించాడు. సున్నపు గోడ మీద బొగ్గు గీతలు భుజం ఎత్తు నుంచి మొదలై నుదురు దాటి, తల మీదికి రెండు జానల పైన ఆగాయి. కొలిస్తే 130 డిగ్రీలు. మళ్ళీ విశాఖపట్నం వెళ్ళి, 15 సిట్టింగుల్లో 40 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ పూర్తి చేసుకున్నారు. మూడు వారాల ఆలస్యం మాత్రం నా ఖాతాలోదే.

రేడియేషన్ ముగిశాక తీసుకున్న కొలతలో మొత్తం జీవన నాణ్యత 33. శస్త్రచికిత్స జరిగిన మూడో వారం కంటే తక్కువ. డబ్బు ఇబ్బంది 100. శస్త్రచికిత్సకూ కీమోకూ రేడియేషన్‌కూ ప్రభుత్వ పథకమే ఖర్చు భరించింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆ పథకమే లేకపోతే ఈమె చికిత్స సగంలో ఆగిపోయేదని నిస్సందేహంగా చెప్పగలను. కానీ పోయిన కూలీకి, తోడు వచ్చిన చెల్లెలి కూలీకి, ఆసుపత్రి బయట గది అద్దెకు ఏ పథకమూ లేదు. చేబదుళ్ళు పెరిగాయి.

వాపు, జ్వరం

అందుకే పదో నెలలో నాతో చెప్పకుండా పిక్కల కటింగ్‌కు వెళ్ళారు. పన్నెండో రోజున చలి జ్వరంతో, కుడి చెయ్యి ఎర్రగా వేడిగా ఉబ్బిపోయి వచ్చారు. చూపుడు వేలి పక్కన జీడి నూనె కాల్చిన చిన్న పగులు ఉంది. చంక గ్రంథులు తీసేసిన చేతిలో శోషరసం (కణజాలం నుంచి గ్రంథుల గుండా తిరిగి రక్తంలోకి చేరే ద్రవం) తిరిగి పోయే దారులు తగ్గుతాయి. నిలిచిపోయిన ఆ ద్రవంలో సూక్ష్మక్రిములు సులువుగా పెరుగుతాయి, ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ మిగిలిన దారులు ఇంకా దెబ్బతింటాయి. చంక గ్రంథులను పూర్తిగా తీసినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుందని, రొమ్ము నుంచి శోషరసం ముందుగా చేరే తొలి గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించినవారిలో అది 6 శాతం లోపేనని 2013లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. ఆమె చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, ఎడమ చెయ్యి 26 దగ్గరే ఉంది.

ఐదు రోజులు ఇంజెక్షన్ రూపంలో యాంటీబయాటిక్స్ ఇచ్చి, జ్వరం పూర్తిగా తగ్గాక పొరలుపొరలుగా బ్యాండేజీ కట్టు, మర్దన, వ్యాయామం మొదలుపెట్టాం. ఆ తర్వాత బిగుతు తొడుగు. వేసవిలో సముద్రపు గాలి తేమకు ఆ తొడుగు లోపల చెమట పొక్కులు వచ్చాయి. పగలంతా వేసుకోమనడం మాటకు తేలిక, ఆచరణకు కష్టం. పని వేళల్లో తప్పనిసరిగా, మిగతా సమయంలో వీలును బట్టి అని రాజీ కుదుర్చుకున్నాం.

ఈసారి పని మానమని చెప్పలేదు. చేతి వాపు ఉన్నవారు కూడా పర్యవేక్షణలో మెల్లమెల్లగా బరువులు ఎత్తితే వాపు పెరగదని 141 మంది మహిళలతో జరిపిన అధ్యయనం 2009లోనే చూపించింది. ‘ఆ చేత్తో బరువెత్తొద్దు’ అని మేం తరతరాలుగా చెప్పుకొస్తున్న మాటకు పునాది బలహీనం. ఈమె విషయంలో కీడు చేసింది బరువు కాదు, కాల్చే నూనె. మేస్త్రీకి ఒక చీటీ రాసిచ్చి, ఫోనులో కూడా మాట్లాడాను. కటింగ్ నుంచి ఆమెను గ్రేడింగ్ బల్ల దగ్గరికి మార్చారు. పొట్టు తీసిన పప్పులో గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేసే పని అది. నూనె అంటదు, చేతులకు పల్చటి గ్లౌజులు వేసుకోవచ్చు, గంటకోసారి లేచి చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి వదలవచ్చు. కూలి కటింగ్ కంటే తక్కువ వస్తోందని ఆమె చెప్పారు. ఆ లోటును పూడ్చే మందు నా దగ్గర లేదు.

పద్నాలుగో నెల

చివరిగా తీసుకున్న కొలతలో పని సామర్థ్యం 67, చేతి బాధ 22, మానసిక స్థితి 75, శరీర రూపం గురించిన భావన 67, మొత్తం జీవన నాణ్యత 75. చుట్టుకొలత 27.5కి దిగింది. భవిష్యత్తు గురించిన నిశ్చింత 67. కీమోతో నెలసరి ఆగిపోయింది, హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర వాడుతున్నారు, రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి నిద్ర చెడుతోంది. డబ్బు ఇబ్బంది 67 దగ్గరే ఉంది. ఒక్క రోగి అంకెలతో ఎవరికీ సూత్రం చెప్పలేం గానీ, ఈ పద్నాలుగు నెలల పట్టికను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు శస్త్రచికిత్స తర్వాత మొత్తం మార్కు చేతి వెంటే నడిచింది, రొమ్ము వెంట కాదు. చెయ్యి ఇంకా పనికి రానప్పుడు అది 33కి పడింది, చెయ్యి పనికి వచ్చాక 75కి లేచింది. నేను ముందే ఆమెను ‘ఈ చేత్తో రోజూ ఏం చేస్తారు’ అని అడిగి ఉంటే డిశ్చార్జి కాగితం మరోలా ఉండేది.

ఇప్పుడు మా కాగితం మారింది. మొదటి రోజు నుంచి పిడికిలి మూసి తెరవాలని, గొట్టం తీసే వరకు చెయ్యి భుజం ఎత్తు దాటించకూడదని, తీసిన మర్నాటి నుంచి గోడ మీద గీతలు పెట్టుకుంటూ రోజూ పైకి పోవాలని, ఆరో వారానికి రెండు చేతులూ సమానంగా లేవకపోతే కబురు చేయాలని తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంది. కీమో జరుగుతున్న కాలంలో నెలకోసారి నర్సు ఫోన్ చేసి ఒకే మాట అడుగుతారు: “ఈరోజు తల ఏ చేత్తో దువ్వుకున్నారు?”

బీఆర్23లో దాంపత్య జీవితం గురించిన ప్రశ్నలకు ఆమె నాలుగు కొలతల్లోనూ జవాబు ఇవ్వలేదు. రేడియేషన్ సమయంలో చెన్నై నుంచి వచ్చిన భర్త, క్యాన్సర్ అంటుకుంటుందేమోనని వేరే మంచం వేసుకున్నారని ఆమె నర్సుతో మాత్రం చెప్పారు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, అది అంటుకునే జబ్బు కాదని, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగిలి ఉండదని చెప్పాను. ఆయన విన్నారు, ఏమీ అనలేదు. ఆమె ఇప్పటికీ వీధి బోరు దగ్గర మిగతా ఆడవాళ్ళతో కలిసి కాక, తెల్లవారకముందే ఒంటరిగా స్నానం చేస్తున్నారు. తదుపరి కొలత ఇరవై నాలుగో నెలలో ఉంది. ఆ పేజీని మాత్రం ఈసారి నర్సు చదవకుండా, పెన్సిలుతో పాటు ఆమె చేతికే ఇచ్చి బయటికి రావాలని అనుకున్నాం. గుర్తు పెట్టేంత చదువు ఆమెకు ఉంది.